కోళ్ల తాత కూడికలు

"ఐదూ మూడూ తొమ్మిది," అన్నాడు కోళ్ల తాత, గుడ్ల బుట్ట ముందు గొంతుకూర్చుని.

చుట్టూ ఒకటో తరగతి పిల్లలు. ఒకరి చేతిలో నూకలు, ఒకరి చేతిలో నీళ్ల చెంబు.

"కాదు తాతా, ఎనిమిది," అని ఎవరో సన్నగా దిద్దారు.

బడి కోళ్లదొడ్డి కంచె అవతల నిలబడ్డ కొత్త టీచరమ్మకు ఒళ్లు మండింది. నెలరోజులు గొంతు చించుకుని నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరైంది. ఆ కోపంలో దిద్దిన గొంతు ఎవరిదో ఆమె చూడలేదు.

అసలే ఆమెకొక బెంగ ఉంది. తరగతిలో ఒక పిల్ల నోరు విప్పదు. ఏడాది చివరికి పది లోపు లెక్కపెట్టి చెప్పకపోతే ఆ పిల్లను ఈ బడిలో ఉంచరు.

తిన్నగా హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లింది.

"ఆయనకి ఐదూ మూడూ ఎంతో తెలీదు సార్. అక్కడికి పంపితే పిల్లలకి ఉన్న మతి పోతుంది."

"కోళ్లకి మేత వేసేవాడికి లెక్కలెందుకమ్మా?"

"మరి పిల్లలకి లెక్కలు చెప్పడం ఎందుకండీ?"

వారం తిరక్కుండా కోళ్లను అమ్మేశారు, తాతను పంపేశారు.

వెళ్లేముందు తాత ఆమె దగ్గరకొచ్చాడు.

"అమ్మా, ఆ మాట్లాడని పిల్లని కాస్త..."

"మా పిల్లల సంగతి మేం చూసుకుంటాం లెండి."

ఆయన తలూపి వెళ్లిపోయాడు.

ఏడాది చివర పరీక్ష. బల్ల మీద ఎనిమిది గింజలు పెట్టి టీచరమ్మ బుజ్జగించింది, బతిమాలింది, చివరికి కసిరింది. పిల్ల గింజల వంకే చూస్తూ కూర్చుంది గానీ పెదవి కదపలేదు.

మర్నాడు తండ్రి వచ్చి, సంచీ భుజాన వేసుకుని, పిల్లను నడిపించుకుపోయాడు.

టీచరమ్మ బడి వంటగది మెట్ల మీద కూలబడింది. ఏడుపు ఆగలేదు.

"కోళ్ల తాత దగ్గరైతే వాగుడుకాయే అది," అంది గిన్నెలు తోముతున్న వంటామె.

"అది మాట్లాడిందా?"

"ఆయన తప్పు చెబితే చాలు, దిద్దకుండా ఉండలేకపోయేది."

"పాపం, ఆయనకి లెక్కలు రావుగా."

"రాకపోవడమేంటమ్మా? పన్నెండేళ్లు రోజూ నాకు గుడ్లు లెక్కపెట్టిచ్చాడు. ఒక్కటంటే ఒక్కటి తేడా రాలేదు."

టీచరమ్మ గబుక్కున లేచింది. "ఆయన ఇల్లెక్కడ?"

"ఎక్కడికెళ్తారమ్మా, ఆయన చనిపోయి నెలైంది." వంటామె చేతులు కడుక్కుంది. "నోరు విప్పని పిల్ల ఎదురుగా ఉంటే తప్ప ఆయనెప్పుడూ లెక్క తప్పు చెప్పలేదు."