పెరటి గడప మీద నెత్తురు

పెరటి గడప మీద బూడిద చల్లి నెత్తురు తుడుస్తున్న హిడ్మే, తెల్లారేసరికి శ్రీరంగం కంటబడింది.

“ఎవరిదే అది?”

ఆమె తలెత్తలేదు. “నీకెందుకు సావుకారీ, పో.”

అడవి పల్లె మరైగూడలో చింతపండు వ్యాపారం చేసే శ్రీరంగానికి, లెక్క తేలని సరుకును గడప దాటనిచ్చే అలవాటు లేదు. తమది మాంసం ముట్టని ఇల్లు. కోడి తెగదు, మేక తెగదు. ముట్టయితే విడిగా కూర్చునే కోడలు బచేలిలో కొడుకు దగ్గరుంది. భార్య జ్ఞానప్రసూనకు ముట్లుడిగి ఏళ్లు దాటింది. ఎటు కూడినా ఆ చుక్కలకు సొంతదారు తేలలేదు. మిగిలింది, చింతగింజలు తీయడానికి రోజూ వచ్చే ఈ హిడ్మే ఒక్కతే.

పైగా ఎండాకాలం నుంచీ జ్ఞానప్రసూన మునుపటి మనిషిలా లేదు. కొట్లో గద్దె మీద కూర్చోలేక నిలబడే బేరాలు చేస్తోంది. నిద్రలోంచి లేచి లేచి పెరట్లోకి పోతోంది. మంటంటూ సబ్బు అరిగేదాకా కడుక్కుంటోంది. మొగుడి చెయ్యి తగిలితే వణికిపోతోంది. మొన్న తడిక అవతల హిడ్మే ఆమెతో గొణగడం అతను తన చెవులతో విన్నాడు.

“లోపలంత ఎండింది అక్కా, చీలింది. దాస్తే పానం పోతది. నాతోటి జగదల్‌పూర్ రా.”

తన ఆడదాన్ని ఎండగట్టి, పట్నం పేరుతో ఎటో తీసుకుపోయి మింగేయడానికే ఈ మంత్రమని అతనికి రూఢి అయింది. హిడ్మేను పని మాన్పిస్తానంటే భార్య కాళ్లు పట్టుకుని వద్దంది. అదీ మందు పెట్టిన గుర్తే అనుకున్నాడు.

శ్రీరంగం కబురు మీద సాయంత్రం కొట్టు ముందర ఊరు చేరింది. మంత్రగత్తె ఎవరో తేల్చడానికి ఊరి పూజారి ఉంగ అనేవాడు చేటలో బియ్యం ఆడించాడు. గింజలన్నీ హిడ్మే కూర్చున్న వైపుకే జరిగాయి. పక్కనున్న ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని దూరం జరిగారు. మంత్రగత్తె అని తేలినదాన్ని ఊరు ఉండనివ్వదు. ప్రాణాలతో పోనిస్తుందన్న భరోసా కూడా లేదు.

ఆ నెత్తురు ఎక్కడినుంచి తెచ్చావని ఉంగ అడిగాడు.

“చెప్పనని మాటిచ్చిన,” అంది హిడ్మే. “చెప్ప.”

“ఇంకేంది? లెక్క తేలిపాయె,” అన్నాడు శ్రీరంగం.

ఎవరో ఆమె జుట్టు పట్టుకున్నారు. ఇంకెవరో కర్ర అందుకున్నారు.

జ్ఞానప్రసూన ఒక్కో మెట్టే ఓర్చుకుంటూ దిగి వచ్చి, హిడ్మేకూ కర్రకూ మధ్య నిలబడింది. లోపలికి పొమ్మని శ్రీరంగం కసిరాడు. ఆమె కదల్లేదు. ఇంతమంది మగవాళ్ల ముందు ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది.

“ఆ నెత్తురు నా ఒంట్లది.”