వీపు మీది గీతలు

మనుషులెవరూ ఎక్కని మంచుకొండ మీద ఒక కుక్కల దండు ఉండేది. ఎలుగుబంటి మీదికి పోయేముందు అందరూ తమ పాత గాయాలు నాయకుడికి చూపించడం వాళ్ల ఆచారం. ముఖం మీద మచ్చ ఉన్నవాళ్లకు ముందు వరస. వీపు మీద ఉంటే పారిపోయినవాడని లెక్క.

నాయకుడు వీరంగానికి ముఖమంతా మచ్చలే. ముసలి బూడిదయ్యకు మాత్రం వీపు మీద మూడు గోళ్ల గీతలున్నాయి.

"ఏం తాతా, ఎలుగుకు వీపు చూపించావా?" అని వీరంగం నవ్వాడు.

"చూపించాను నాయనా."

"అయితే పోయి పిల్లల దగ్గర కూర్చో."

బూడిదయ్య తోకాడించుకుంటూ కూనలున్న గుహకు వెళ్లిపోయాడు.

తీరా చూస్తే ఎలుగు దండుకు దొరక్కుండా కొండ చుట్టి వచ్చి గుహ మీదే పడింది. వీరంగం పరుగున వచ్చేసరికి, బూడిదయ్య నాలుగు కూనలనూ పొట్ట కిందికి లాక్కుని, ఎలుగుకు వీపు అప్పగించి ముడుచుకుని ఉన్నాడు. దండంతా కలబడి ఎలుగును తరిమేసింది. కూనలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఒక్కదానికీ గీత పడలేదు.

వీరంగం ఆ వీపు మీది నెత్తురు నాకుతున్నాడు. ముసలి బొచ్చు వాసన తగిలేసరికి నాలుక ఆగిపోయింది. కళ్లు సరిగా విప్పని రోజుల్లో, పైన ఎలుగు గుర్రుమంటుంటే, ఈ వాసన కిందే వెచ్చగా దాక్కున్నాడు. ఇన్నాళ్లూ అది అమ్మే అనుకున్నాడు.

"తాతా, ఆ పాత గీతలు పడ్డప్పుడు నీ కింద ఉన్నదెవరు?"

"అప్పటికింకా పేరు కూడా పెట్టలేదు నాయనా," అన్నాడు బూడిదయ్య కళ్లు మూసుకుని. "బయటికెళ్లి ఎలుగును కరుస్తానని ఒకటే తన్నులు."