రబ్బరు గుర్రం

నాటుబాంబు పేలడంతో జీపు కంపచెట్లలోకి దూసుకుపోయింది. దారి కాచిన ఓబులేసు డ్రైవరు చెన్నప్పను జుట్టు పట్టి కిందికి లాగాడు. వెనక సీట్లో ఎవరూ లేరు. ముందు అద్దం దగ్గర చిన్న రబ్బరు గుర్రం బొమ్మ మాత్రం వేలాడుతోంది.

“యాడ్రా మీ బయ్యన్న?”

“నాకు తెల్దన్నా.”

ఓబులేసు వేటకొడవలి తిరగేసి మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగింది. చెన్నప్ప కేక పెట్టాడే గాని నోరు విప్పలేదు. పన్నెండేళ్లుగా బయ్యన్న ఇంటి తిండి తిన్నవాడు.

“అబద్ధాలు చెప్పాకురా! ఆ రబ్బరు గుర్రం లేకుండా ఆయప్ప ఊరు దాటడు. కోర్టుకు పోయినా, పెండ్లికి పోయినా అది జీపు అద్దం కాడ ఉండాల్సిందే. దాన్ని చూసే కదా మేం బాంబేసింది!”

“పొద్దున ఆయనే పెట్టినాడన్నా. ‘ఇన్నాళ్లూ నన్ను కాపాడింది, ఈ పొద్దు నిన్ను కాపాడనీలేరా చెన్నా’ అన్న్యాడు.”

ఓబులేసు కొడవలి దించాడు.

“మేం దావలో కాపేసినామని ఆయప్పకు తెల్సా?”

“రాత్రే తెల్సిందన్నా.”

“ఆ బొమ్మను ఇంతకు ముందెప్పుడన్నా నీకిచ్చినాడా?”

“లేదు.”

ఆ మాట తన నోటితోనే అన్నాక చెన్నప్ప తలెత్తి అద్దం దగ్గరి గుర్రం వైపు చూశాడు. తర్వాత నెత్తురు ఉమ్మాడు.

“విడపనకల్లు దావన పోయినాడు. తెల్లకారు. వెనక సీట్లో పండుకొని ఉంటాడు. బిర్నా పోండన్నా, అందుకుంటారు.”