సోములు గొంతు

పెద్దయ్యాక అక్షరాలు దిద్దినదాన్ని. నా రాత నెమ్మది, తప్పులూ దొర్లుతాయి. సర్దుకుని చదవండి.

"ఆ గొంతు జోలికెల్లొద్దు బాబూ! నీ కాళ్ళట్టుకుంటాను!"

కన్నమ్మ కొడుక్కీ డాక్టరుకీ మధ్య అడ్డంగా నిలబడింది.

"కూర్చో మావుసీ," పిన్నీ అన్నట్టు ఒరియా వరసలో అన్నాడు డాక్టర్ శ్యామసుందర్. "కోతా లేదు, కుట్టూ లేదు. మిషన్ కాస్త సరిచేస్తే దిగులూ, గొంతూ రెండూ బాగవుతాయి."

"బాగవ్వక్కర్లేదు!"

జగదీష్ చొక్కా విప్పుకుని బల్ల మీద తలవంచుకు కూర్చున్నాడు. ఎడమ రొమ్ము మీద, చర్మం కింద అగ్గిపెట్టెంత మిషన్ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. ఏ మందుకీ లొంగని దిగులుకి భువనేశ్వర్‌లో పెట్టారది. దాన్నుంచి ఒక వైరు మెడలో నరానికి ఎక్కుతుంది. కరెంటు తగిలినప్పుడల్లా గొంతు బొంగురుపోతుందని అప్పుడే చెప్పారు.

కన్నమ్మకి అది బొంగురు కాదు. సముద్రం మింగేసిన పెద్దకొడుకు సోములు గొంతు. పోయినవాళ్ళు ఇంట్లో ఎవరో ఒకరి మీద పూని మాట్లాడతారని గోపాల్‌పూర్ ఒడ్డున వాళ్ళ పేటలో అందరికీ తెలుసు. శవమైనా దొరకని బిడ్డ, తమ్ముడి నోట "అమ్మా, తిన్నావా?" అనడిగిన రోజే ఆమె మళ్ళీ కడుపునిండా అన్నం తింది.

"నీకేటైనా మతుందా అత్తా?" కోడలు రింకి గయ్యిమంది. "మళ్ళీ మూల జేరి గోడకేసి సూత్తన్నాడు. నిన్న సముద్రంలోకి పీకలోతు ఎల్లిపోతే జుట్టట్టుకు లాక్కొచ్చేను. సచ్చినోడి కోసం బతికినోడ్ని సంపీసుకుంటావేటి?"

"నీకు మొగుడుంటే సాలు. నాకు కొడుకొద్దేటే?"

"ఈయన నీ కొడుకు కాడేటి మరి?"

కన్నమ్మ మొహం తిప్పుకుంది.

"ఒరే సోములూ, నువ్వైనా సెప్పరా డాక్టరు బాబుకి!"

జగదీష్ తలెత్తాడు.

"మాయమ్మనేటీ అనకండి బాబూ," అన్నాడు బొంగురుగా.

కన్నమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. డాక్టరు గుండ్రటి పరికరమొకటి జగదీష్ రొమ్ముకి ఆనించి, చేతిలోని తెర చూశాడు. తీసి మళ్ళీ ఆనించాడు. అతని మొహం మారిపోయింది.

"వైరు తెగిపోయింది. నరానికి కరెంటే అందడం లేదు. చాలా రోజులై ఉంటుంది. అందుకే దిగులు తిరగబెట్టింది. ఇవాళే భువనేశ్వర్ తీసుకెళ్ళండి."

"అయితే ఈ గొంతేటి?" అంది రింకి.

"మిషన్ వల్ల కాదు."

కన్నమ్మ ఒక్కసారిగా వెలిగిపోయింది.

"ఇన్నావేటే? నాను సెప్తే పిచ్చిదాన్నన్నావు! మిసనూ లేదు గిసనూ లేదు, నా సోములే వచ్చేడు!" కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "సెప్పరా అయ్యా. నువ్వే గదా?"

జగదీష్ ఆమె చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ తరవాత పలికిన గొంతులో బొంగురు లేదు.

"నానేనమ్మా, జగదీషుని. అన్న లేకుండా ఒక్కడ్నీ ఒడ్డుకొచ్చిన కాణ్ణించీ, నా గొంతుకి నువ్వు పలకడం లేదు గదా."

— బుల్లమ్మ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడుండేది బరంపురం, గోసాని నువాగాంలో.