చెంబెడు నీళ్ళు

"తాగు తల్లీ, గటగటా తాగెయ్."

స్కానింగు గది బయట బెంచీ మీద, తల్లీకూతుళ్ళ మాటలు విన్న ముక్కూమొహం తెలియని పెద్దాయన ఎనిమిదేళ్ళ పిల్లకి స్టీలు చెంబు అందించాడు.

తల్లి భగ్గుమంది. "పరగడుపున రమ్మన్నారండీ!"

"నొప్పి లేనప్పుడు తీస్తే ఏం కనిపిస్తుందమ్మా?"

"మూడో స్కాను ఇది. ఏమీ లేదంటున్నారు. బడి ఎగ్గొట్టడానికి వేషాలు!"

తల్లి చీటీ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిందో లేదో, పిల్ల చెంబు ఖాళీ చేసేసింది. తన నొప్పిని నమ్మే మనిషి ఒక్కడైనా దొరికాడు మరి!

అరగంటలో నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోయింది.

"నా పిల్లకి ఏం పట్టించావయ్యా?" తల్లి విరుచుకుపడింది.

వాచ్‌మన్ వచ్చి పెద్దాయన్ని రెక్క పట్టుకుని గెంటాడు.

"ఇప్పుడే తీయించమ్మా! తగ్గకముందే!" గుమ్మంలోంచి అరిచాడాయన.

తీశారు. కిడ్నీ ఉబ్బిపోయి ఉంది. దాన్నుంచి మూత్రం దిగే గొట్టం మొదట్లోనే ఇరుకు. నీళ్ళు ఎక్కువైతే దిగలేక అక్కడే నిలిచిపోతున్నాయి.

"ఇంకొన్నాళ్ళాగితే కిడ్నీ పోయేది," అన్నాడు డాక్టరు. ఇరుకు ముక్క కోసేసి గొట్టాన్ని మళ్ళీ అతికారు.

దండం పెట్టుకుందామని తల్లి ఎంత వెతికినా పెద్దాయన కనిపించలేదు.

పాతికేళ్ళ తర్వాత ఆ పిల్ల అదే ఆసుపత్రిలో డాక్టరుగా చేరింది. అదే బెంచీ, అదే ఫినాయిల్ వాసన. ప్రాణం లేచొచ్చినట్టయింది. మొదటి రోజే ముసలి వాచ్‌మన్‌ని పట్టుకుంది.

"చిన్నప్పుడు ఈ బెంచీ మీద నాకు చెంబుతో నీళ్ళిచ్చిన ఆయన ఏ డాక్టరు బాబాయ్? ఆయన్ని చూసే ఈ చదువు చదివాను."

వాచ్‌మన్ తల దించుకున్నాడు. "ఆ పిల్ల మీరేనా అమ్మా! గెంటింది నేనే. మీ ఆపరేషనయ్యాక గేటు దగ్గరికొచ్చి, 'పాప లేచి తిరుగుతోందా' అని అడిగాడు. తిరుగుతోందన్నాను. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"పోయి పదేళ్ళయిందమ్మా, వాళ్ళ ఊరివాళ్ళు వచ్చినప్పుడు అంతా చెప్పారు. ఆయన డాక్టరేం కాదు. వాళ్ళమ్మాయికీ మీ జబ్బే. స్కానుల్లో ఏమీ లేదన్నారు. చివరికి కిడ్నీకి చీము పట్టి పిల్ల దక్కలేదు. నీళ్ళు పట్టించి, నొప్పి వచ్చినప్పుడు తీసుంటే తెలిసేదని పెద్ద డాక్టరు అప్పుడు చెప్పాడట."

"అంతకుముందు ఎవరూ ఆ పిల్ల మాట నమ్మలేదా?"

"ఆయనే నమ్మలేదమ్మా. వేషాలేస్తోందని కొట్టి మరీ బడికి ఈడ్చుకెళ్ళేవాడట."