ఎవరిది వాళ్లకే

ఇరవై రోజుల తర్వాత లారీ దిగి ఆస్పత్రికి వచ్చిన డ్రైవరు వార్డు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

చూపు, జ్ఞాపకం రెండూ దెబ్బతిని మంచాన పడిన అక్క పక్కన, గడ్డం, టోపీ ఉన్న మనిషొకడు కూర్చుని భగవద్గీత చదువుతున్నాడు. మధ్యమధ్య ఆమెకు చెంచాతో జావ పడుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు? మా అక్కతో నీకేం పని?"

ఆ మనిషి పుస్తకం మూసి లేచాడు. "మీరు..."

"నేనెవరైతే నీకెందుకు? మా దేవుడి పుస్తకం నీ చేతిలో ఏంటి? మతం మార్చడానికి మంచాన పడ్డవాళ్లే దొరికారా?"

పక్క మంచం ముసలాయన కిసుక్కున నవ్వాడు. "గీత చదివి ఏ మతంలోకి మారుస్తాడయ్యా? నాకు బైబిలు చదువుతాడు. ఎవరిది వాళ్లకే. అయినవాళ్లు రానోళ్లకి ముద్ద పెట్టేదీ వాడే. బేకరీలో పని దిగగానే ఇటే వస్తాడు."

"నువ్వూరుకో పెద్దాయనా. మేకల మందకి తోడేలు కాపలానా?"

యుద్ధం తరిమితే సరిహద్దు దాటి వచ్చినవాడని తెలిశాక డ్రైవరు పని ఇంకా సులువైంది. పోలీసులకు ఒక కాగితం రాసిచ్చాడు. సాయంత్రానికి ఇద్దరు వచ్చారు.

ఆ మనిషి జావ గిన్నె డ్రైవరు చేతిలో పెట్టాడు.

"వేడిగా పట్టండి. చల్లారితే ఉమ్మేస్తుంది."

"నాకు నేర్పుతున్నావా? నన్ను పెంచిందే ఆవిడ."

మర్నాడు అక్క జావకి నోరు తెరవలేదు. తమ్ముణ్ణి పిలవమని ఒకటే పాట.

"నేనే అక్కా."

"పోరా. నా తమ్ముడి గొంతు నాకు తెలీదా?"

మూడోరోజుకి నాలుక పిడచ కట్టింది. ముక్కులో గొట్టం వేస్తే పీకి పారేసింది. డాక్టరు పెదవి విరిచాడు.

డ్రైవరు నర్సు దగ్గరికి పరిగెత్తాడు. "పూర్తిగా మతి పోయింది సిస్టర్. నన్నే పోల్చుకోవడం లేదు."

నర్సు తలెత్తకుండానే చెప్పింది. "చేరిన కొత్తలోనూ ఇంతే. తమ్ముడొస్తేనే తింటానని మూడు రోజులు కడుపు మాడ్చుకుంది. నాలుగోరోజు ఆ బేకరీ ఆయన పక్కన కూర్చుని, 'వచ్చానక్కా' అన్నాడు. అప్పుడు నోరు తెరిచింది."

"అయితే ఆయన్ని పిలిపించండి. కాళ్లు పట్టుకుంటాను."

"పొద్దున్నే బండెక్కించి సరిహద్దు దాటించేశారట."

లోపల అక్క మళ్లీ పిలుస్తోంది. డ్రైవరు అటు కదలబోయాడు.

"మీరెళ్లి ఏం లాభం?" అంది నర్సు. "ఆవిడకి తెలిసిన తమ్ముణ్ణి మీరే పంపించేశారు."