మొదటి అంగుళం

పాస్టరు గారు అద్దం ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పారు. తల తిరిగింది గానీ కాలరు కదల్లేదు.

"బాబూ, ఇందులో నాతోపాటు ఇంకొకరు కూడా పడతారు," అన్నారు.

దర్జీ షాపు చిన్న మాస్టరు ఆ కాలరుని గబగబా వెనక్కి లాగి పట్టుకున్నాడు. పక్కనే మౌల్వీ గారు కొత్త షేర్వాణీ చేతుల్లో తన వేళ్ళ కోసం వెతుక్కుంటున్నారు. పంతులు గారి లాల్చీ భుజం మీద నిలవనని మొరాయిస్తోంది. ముగ్గురూ ఆ సాయంత్రం ఒకే వేదిక మీద మాట్లాడాలి. పాపం పుట్టుకతోనే వస్తుందా, రాదా అన్నది చర్చ. ఆ చర్చ కోసమే కుట్టించుకున్న బట్టలు, మూడింటికి మూడూ వదులే!

పెద్ద మాస్టరు, అంటే చిన్న మాస్టరు కన్నతండ్రి, మెళ్ళో పాత టేపుతో బల్ల వెనక కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. కొలతలు ఇప్పటికీ ఆయనే తీస్తాడు. కత్తెర మాత్రం ఈ మధ్యే కొడుకు చేతికిచ్చాడు. ఇస్తూ ఒకే మాట చెప్పాడు. "కత్తెరలు ఎన్నైనా పెట్టుకో. ఈ షాపులో టేపు మాత్రం ఒకటే."

చాదస్తం అనుకుని కొడుకు బుద్ధిగా తలూపాడు. ఊపి, కొత్త కత్తెర, కొత్త సుద్ద, కొత్త గుండుసూదులు కొనుక్కున్నాడు. ఇంకొకటి కూడా కొన్నాడు గానీ, అది సొరుగులో ఉంది. ప్రస్తుతానికి ఉండనిద్దాం.

"కత్తెర బల్ల మీద పెట్టు," అన్నాడు పెద్ద మాస్టరు. "రేపట్నుంచి అల్లుడు కోస్తాడు."

చిన్న మాస్టరు కత్తెరని చటుక్కున జేబులో దోపుకున్నాడు. బావకి గుండీలు అమ్మడం తప్ప ఇంకో విద్య రాదు. ఆ బావ దర్జాగా గుడ్డ కోస్తుంటే, తను ఓ మూల కూర్చుని కాజాలు కుట్టాలి! అంతకన్నా ఊరొదిలి పోవడం నయం.

"అంత మాటనకండి మాస్టారూ," అన్నారు పాస్టరు గారు. "లోపం మూలంలోనే ఉంటుంది. మొదటి తండ్రి నుంచి అందరికీ అంటుకుంది. నిన్న పుట్టిన పసిబిడ్డ కూడా దాన్ని తప్పించుకోలేడు."

"అంటే తప్పు నాదంటారా?" పెద్ద మాస్టరు కళ్ళెర్రజేశాడు.

"అదెలా కుదురుతుందండీ?" మౌల్వీ గారు చేతులెత్తారు. చేతులు లేచాయి గానీ వేళ్ళు బయటికి రాలేదు. "ఆదాము తప్పు చేశాడు, క్షమించమన్నాడు, దేవుడు క్షమించేశాడు. అక్కడితో సరి. తండ్రి బరువు కొడుకు నెత్తిన పెట్టడు. ఎవరు చేసింది వాళ్ళదే."

పంతులు గారు జారిన భుజాన్ని పైకి లాక్కున్నారు. "తండ్రిదీ కాదు, ఇవాళ్టిదీ కాదు. ఎప్పుడో తనే చేసుకుని ఉంటాడు. గుర్తులేనంత మాత్రాన చెయ్యలేదని కాదుగా? అది పండాల్సిన వేళకి పండుతుంది. ఈసారి నా లాల్చీ మీద పండింది."

ముగ్గురిలో చిన్న మాస్టరుకి పాస్టరు గారే నచ్చారు. మిగతా ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

"మీ చర్చకో దణ్ణం. కొలిచి చూద్దాం రండి!" అంటూ ఉక్రోషంగా సొరుగు లాగి, దాచుకున్న కొత్త టేపు బయటికి తీశాడు. మౌల్వీ గారి షేర్వాణీ చెయ్యి కొలిచాడు. "ఇరవై నాలుగు! నాన్న చెప్పింది ఇరవై నాలుగు, నేను కోసింది ఇరవై నాలుగు!"

పెద్ద మాస్టరు కొత్త టేపు వంక ఒకసారి, కొడుకు వంక ఒకసారి చూశాడు. మెళ్ళోది తీసి అదే చెయ్యి కొలిచాడు. ఇరవై అయిదు.

చిన్న మాస్టరు రెండు టేపుల్నీ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. కొత్తది సున్నా దగ్గర మొదలైంది. పాతది ఒకటి దగ్గర మొదలైంది. దాని కొసని ఎవరో నల్లదారంతో మడిచి కుట్టారు.

"చూశారా! మొదటి అంగుళమే లేదు!" చిన్న మాస్టరు గంతేశాడు. "ఇన్నేళ్ళుగా మా నాన్న పాపాన్ని మెళ్ళో వేసుకు తిరుగుతున్నాడు! అదే నాకు చుట్టుకుంది!"

పాస్టరు గారు సాయంత్రం సభ అప్పుడే గెలిచినట్టు మిగతా ఇద్దరి వంకా చూశారు.

"లేదని నాకు తెలీదనుకున్నావుట్రా?" అన్నాడు పెద్ద మాస్టరు తాపీగా. "కొలిచేదీ దీంతోనే, కోసేదీ దీంతోనే అయితే, ఆ అంగుళం ఉంటే ఎంత, ఊడితే ఎంత? నీ కొత్త టేపుతో కోశావు కాబట్టే అందరికీ అంగుళం పెరిగింది."

చిన్న మాస్టరు కొత్త టేపుని చుట్టి మళ్ళీ సొరుగులోకి తోసెయ్యబోయాడు. కానీ బావ మొహం కళ్ళముందు మెదిలింది.

"సరే, చెప్పకుండా కొనడం నా తప్పే. కానీ అసలు తప్పు టేపుని పాడుచేసినవాడిదా, కాదా? పెద్దలు మీరే చెప్పండి."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. మొట్టమొదటిసారి ఒక్క మాట మీదికొచ్చారు. "పాడుచేసినవాడిదే."

"అయితే ఆ అంగుళం పోగొట్టినవాడు ఈ షాపులో కత్తెర పట్టకూడదు. అంతేనా?" అన్నాడు పెద్ద మాస్టరు.

"పట్టకూడదు!" అందరికంటే ముందు చిన్న మాస్టరే అరిచాడు.

పెద్ద మాస్టరు టేపుని మళ్ళీ మెళ్ళో వేసుకుని, కత్తెర కోసం చెయ్యి చాపాడు.

"నీకు పళ్ళొస్తున్న రోజుల్లో, మీ అమ్మ నిన్ను ఇదే బల్ల మీద పడుకోబెట్టి అటు తిరిగిందో లేదో, ఆ అంగుళాన్ని కొరికి నమిలి మింగేసింది నువ్వేరా."